మాత్రలో మందెంత, చెట్టెంత?

పోయిన సంచికలో, మందుల పెట్టెలో మడతపెట్టి ఉంచే కాగితం మీద అట్టడుగున కనిపించే పేర్ల గురించి ఓ నాలుగు లైన్లు రాశాను, అంతే, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. చాలామందికి ఒకే పేరు కంట్లో పడింది, సెల్యులోజ్, మొక్కల పీచులో ఉండే పదార్థం. ఇంకేం, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశా. నేను మాత్రల ఫార్ములేషన్‌లో, అంటే మందుకి ఏమేం కలిపి మాత్ర చేయాలో తేల్చే పనిలో, చాలా ఏళ్ళు చేతులకి పొడి పూసుకున్న మనిషిని, డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: నాన్నగారు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎక్స్‌ఆర్ వేసుకుంటారు. రెండు మూడుసార్లు మలంలో మాత్ర మాత్రలాగే బయటికొచ్చిందట, కాస్త మెత్తగా ఉబ్బి. మందు ఒంటికి పట్టట్లేదని భయపడి రెండో మాత్ర కూడా వేసుకుంటానంటున్నారు. ఏం చెప్పాలి?

ముందు ఆ రెండో మాత్ర ఆపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆయన చూసింది మాత్ర కాదండీ, మాత్ర గుల్ల. చెరుకు నమిలి రసం మింగేశాక పిప్పి మిగులుతుంది చూడండి, అదీ అలాంటిదే. మెట్‌ఫార్మిన్ నీళ్ళల్లో ఇట్టే కరిగిపోయే మందు, మామూలు మాత్రగా చేస్తే కడుపులో పడగానే మొత్తం ఒక్క దెబ్బకి బయటికొచ్చేస్తుంది. ఎక్స్‌ఆర్ అంటే మందుని మెల్లగా వదిలే రకం, గంటల తరబడి కొంచెం కొంచెంగా వదలాలంటే ఎవరో ఒకరు పట్టుకుని ఆపాలి కదా, ఆ పని హెచ్‌పీఎంసీ అనే సెల్యులోజ్ రకం చేస్తుంది, పూర్తి పేరు హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, హైప్రొమెలోజ్ అని కూడా రాస్తారు. నీళ్ళు తగలగానే మాత్ర పైభాగం జిగురు పొరలాగా మారిపోతుంది, ఆ పొర లోపలికి నీళ్ళు మెల్లగా పోతాయి, కరిగిన మందు అదే పొర దాటుకుంటూ మెల్లగా బయటికొస్తుంది, పైపొర కొంచెం అరుగుతూ ఉంటే కింద కొత్త పొర తయారవుతూ ఉంటుంది. ఎంత జిగురంటే, ఇందులో కే100ఎం అని ఒక గ్రేడ్ ఉంది, నీళ్ళల్లో 2 శాతం కలిపితే చాలు, ఆ ద్రావణం చిక్కదనం నీళ్ళకి దాదాపు లక్ష రెట్లు ఉంటుంది. నూటికి రెండు పాళ్ళకే!

మందంతా వెళ్ళిపోయాక ఆ జిగురు ముద్ద ఏమవుతుంది? దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేదు, అందుకే ఒక్కోసారి కరిగి కలిసిపోతుంది, ఒక్కోసారి ఆ ఆకారంతోనే బయటికొస్తుంది. మందు కాగితం మీద కూడా ఈ సంగతి రాసే ఉంటుంది, మెత్తటి ముద్దలాంటిది మలంలో కనిపించొచ్చు అని, కానీ ఆ అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

ఇంకో రకం గుల్ల కూడా ఉంది. బీపీకి వాడే నిఫెడిపిన్ లాంటి కొన్ని మందుల్ని సెల్యులోజ్ ఎసిటేట్ పెంకులో పెడతారు, ఆ పెంకు నీళ్ళని లోపలికి రానిస్తుంది గానీ మందుని బయటికి పోనివ్వదు, దానికి లేజర్‌తో ఒక సన్నటి కన్నం పెడతారు, లోపల నీళ్ళు చేరి ఒత్తిడి పెరిగే కొద్దీ మందు ఆ కన్నంలోంచి వస్తూ ఉంటుంది. ఇదైతే గట్టి పెంకుగానే బయటపడుతుంది, చూసినవాళ్ళు అసలు మాత్రే అనుకుని హడలిపోతారు.

అయితే షుగర్ రీడింగులు పెరుగుతున్నా, విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్ర గబగబా బయటికి పోతున్నట్టున్నా డాక్టర్‌కి చెప్పండి. గుల్ల కనిపించడం ఒక్కటే అయితే భయం లేదు.

ప్రశ్న: విటమిన్ మాత్రల కాగితం చదివాను. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అని ఉంది, వెతికితే చెక్క గుజ్జు నుంచి చేస్తారని తేలింది. అంటే డబ్బులు తీసుకుని రంపపు పొట్టు తినిపిస్తున్నారా?

మీ కోపం నాకు అర్థమైంది, నేనూ చదువుకునే రోజుల్లో మొదటిసారి విన్నప్పుడు అలాగే మొహం పెట్టాను.

ఒక లెక్క చూడండి. థైరాయిడ్‌కి వాడే లెవోథైరాక్సిన్ మోతాదు 50 మైక్రోగ్రాములు ఉంటుంది. ఆ మాత్ర బరువు 100 మిల్లీగ్రాములు అనుకుందాం, అందులో మందు రెండు వేల వంతుల్లో ఒక వంతు. ఉత్తి మందే ఇస్తే మీకు కంటికి ఆనదు, వేలికి అంటుకుని పోతుంది, గాలికి ఎగిరిపోతుంది. మరి ఆ మిగతా 1999 వంతులు ఎవరు? వాటినే ఎక్సిపియెంట్లు అంటారు. అవి ఊరికే బరువు కోసం కాదు, పొడి మిషన్‌లో సాఫీగా జారాలి, ప్రతి గుంటలోకీ ఒకే కొలత పడాలి, నొక్కితే అతుక్కోవాలి, పెట్టెలో విరగకూడదు, కడుపులో మాత్రం విరగాలి. ఇన్ని పనులు ఒక్క మందు మీద పెడితే చేయలేదు పాపం.

ఇక రంపపు పొట్టు సంగతి. చెక్కలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్, ఇంకా బోలెడు ఉంటాయి. అవన్నీ తీసేసి శుద్ధి చేసిన తెల్లటి గుజ్జు తీసుకుంటారు. సెల్యులోజ్ పోగు సన్నటి తాడు లాంటిది అనుకోండి, కొన్నిచోట్ల పేటలు గట్టిగా వరసగా పేనుకుని ఉంటాయి, కొన్నిచోట్ల వదులుగా చిక్కుపడి ఉంటాయి. పలచటి ఆమ్లంలో వేడి చేస్తే ఆ వదులు జాగాల్లో తెగిపోతుంది, గట్టి ముక్కలు మిగులుతాయి. ఎంతసేపు ఉడికించినా ఒక స్థాయి దాటి ఇక తేలిగ్గా తెగవు, సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ పూసల గొలుసే, అప్పటికి ఆ గొలుసులో పూసలు 200, 300 దాకా మిగులుతాయి, మందుల ప్రమాణాలు రాసి ఉండే ఫార్మకోపియా అయితే 350 దాటకూడదు అంటుంది. తర్వాత కడిగి, ఆమ్లం పోగొట్టి, వేడిగాలిలోకి పిచికారీ చేసి ఆరబెడతారు. అదే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, పొట్టిగా ఎంసీసీ. వాసన లేదు రుచి లేదు.

దీన్ని 1955లో అమెరికన్ విస్కోస్ కంపెనీలో ఓర్లాండో బాటిస్టా, పెట్రీషియా స్మిత్ కనిపెట్టారు. చూడండి విడ్డూరం, ఆ కంపెనీ పని రేయాన్ దారం, మందులు కాదు. మాత్రలకి పనికొచ్చే గ్రేడు అవిసెల్ పీహెచ్ పేరుతో 1960లలో వచ్చింది. అప్పటిదాకా మాత్ర చేయాలంటే పొడిని జిగురుతో తడిపి, ముద్ద చేసి, జల్లించి, ఆరబెట్టి, మళ్ళీ జల్లించి అప్పుడు నొక్కేవాళ్ళు ఎక్కువగా, ఇది వచ్చాక చాలా మందుల్ని పొడిపొడిగా కలిపేసి నేరుగా నొక్కేయొచ్చు, డైరెక్ట్ కంప్రెషన్ అంటారు దాన్ని. నా లెక్కలో మాత్రల తయారీని ఇంతగా మార్చిన పొడి ఇంకోటి లేదు.

ఒంట్లో ఏం చేస్తుంది అంటారా, ఏమీ చేయదు. పిండిపదార్థం, సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ పూసల దండలే, పూసకీ పూసకీ మధ్య ముడి ఒక్కటే తేడా, ఒకదాంట్లో ఆల్ఫా ముడి, ఇంకోదాంట్లో బీటా ముడి. ఆల్ఫా ముడి విప్పడం మనకొచ్చు, బీటా ముడి రాదు. ఆవుకైనా తనంతట తనకి రాదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులు విప్పి పెడతాయి. మీరు రోజూ కూరల్లో తినే పీచులో ఉన్న సెల్యులోజ్ ముందు ఈ మాత్రలో ఉన్నది లెక్కలోకే రాదు.

ప్రశ్న: షుగర్ ఉన్నవాళ్ళకి అందులోని గ్లూకోజ్ ప్రమాదం కాదా మరి? శాకాహారులు వేసుకోవచ్చా?

పైన చెప్పిన ముడి విప్పలేం కాబట్టి గ్లూకోజ్ బయటికి రాదు, ప్రమాదం లేదు. శాకాహారమే, చెట్టు నుంచో పత్తి నుంచో వస్తుంది. హెచ్‌పీఎంసీతో చేసిన గొట్టాల్నే శాకాహార క్యాప్సూల్ అని అమ్ముతారు. మామూలు క్యాప్సూల్ జెలటిన్‌ది, అది జంతువుది. ఒకవేళ మీకు ఆ పట్టింపు గట్టిగా ఉంటే మాత్రల్లో అనుమానించాల్సింది సెల్యులోజ్‌ని కాదు మెగ్నీషియం స్టియరేట్‌ని, పొడి మిషన్‌కి అంటుకోకుండా వేసే జిడ్డు పొడి అది, మొక్కల నూనె నుంచీ చేస్తారు, జంతు కొవ్వు నుంచీ చేస్తారు.

ప్రశ్న: బీఫార్మసీ మూడో ఏడాది. ల్యాబ్‌లో ఎంసీసీ 102తో డైరెక్ట్ కంప్రెషన్ చేశాం, మొదటి బ్యాచ్ మాత్రలు బాగా గట్టిగా వచ్చాయి. రెండోసారి అదే ఫార్ములా, అదే మిషన్, అదే ప్రెషర్, కానీ మాత్రలు వేళ్ళతో నలిపితే పొడైపోతున్నాయి. మా మేడం ఎంసీసీ పాడైంది అంటున్నారు.

ఎంసీసీని అనే ముందు ఒకటి అడుగుతాను, మెగ్నీషియం స్టియరేట్ వేశాక ఎంతసేపు కలిపారు? టీ తాగొచ్చేదాకా బ్లెండర్ తిరుగుతూనే ఉందా?

నవ్వకండి, నాకు జరిగింది ఇదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నైట్ షిఫ్టులో ఒక బ్లెండు, ఆఖర్న స్టియరేట్ వేసి మూడు నిమిషాలు తిప్పాలని కాగితం మీద ఉంది, ఇంతలో ప్రెస్ దగ్గర ఏదో పంచ్ ఇరుక్కుందని పిలిస్తే వెళ్ళాను, వచ్చేసరికి అరగంట దాటిపోయింది. బాగా కలిస్తే మంచిదే కదా అనుకుని నోరు మూసుకున్నా. పొద్దున్నకి మాత్రలు రస్కు ముక్కల్లాగా రాలిపోతున్నాయి. ఆ బ్యాచ్ మొత్తం పారబోశారు, నాకు పడిన అక్షింతలు ఇక్కడ అచ్చు వేయలేను.

ఎందుకిలా అవుతుందంటే, పొడుల్లో రెండు జాతులున్నాయి. డైకాల్షియం ఫాస్ఫేట్ లాంటివి నొక్కితే పెళుసుగా పగులుతాయి, పగిలిన ప్రతి చోటా కొత్త ముఖం బయటపడుతుంది, ఆ కొత్త ముఖాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎంసీసీ అలా కాదు, అది సాగుతుంది, మైనపు ముద్దలాగా ఒత్తిడికి అణిగి పక్క రేణువుని కరుచుకుంటుంది, హైడ్రోజన్ బంధాలు పడతాయి, పట్టు వచ్చేస్తుంది. స్టియరేట్ అంటే జిడ్డు. కొద్దిసేపు కలిపితే అక్కడక్కడ ఉంటుంది, ఎక్కువసేపు కలిపితే రేణువు చుట్టూ పొరలాగా పూసుకుపోతుంది. ఫాస్ఫేట్ అయితే పగిలి కొత్త ముఖం చూపిస్తుంది కాబట్టి ఆ జిడ్డు దానికి పెద్ద లెక్క కాదు, ఎంసీసీ పగలదు కదా, జిడ్డు మొహంతోనే పక్కదాన్ని పట్టుకోవాలి, జారిపోతుంది. అందుకే స్టియరేట్ అన్నిటికన్నా ఆఖర్న, అర శాతం ఒక శాతం, రెండు నుంచి ఐదు నిమిషాలు, అంతే. టైమర్ పెట్టుకోండి. జిడ్డు పూసుకుంటే ఇంకో నష్టం కూడా ఉంది, నీళ్ళు కూడా లోపలికి దూరలేవు, మాత్ర మెత్తగా ఉండి కూడా లేటుగా కరుగుతుంది.

స్టియరేట్ కాకపోతే అప్పుడు తేమ చూడండి. ఎంసీసీలో నాలుగైదు శాతం నీళ్ళు ఉంటాయి, ఆ నీళ్ళే దానికి సాగే గుణం ఇస్తాయి. డబ్బా మూత తీసి ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టారా? అతిగా ఎండితే పట్టు తగ్గుతుంది.

అడగలేదు గానీ చెబుతాను, 101కి 102కి తేడా రేణువు సైజే, మొదటిది సుమారు 50 మైక్రాన్లు, రెండోది సుమారు 100. పట్టులో రెండూ దగ్గర దగ్గరే, 102 బాగా జారుతుంది కాబట్టి డైరెక్ట్ కంప్రెషన్‌కి అది, తడి గ్రాన్యులేషన్‌కి, అంటే పొడిని తడిపి ముద్ద చేసే ఆ పాత పద్ధతికి, 101 అని ఒక అలవాటు. 200 అని ఇంకా పెద్దది, సుమారు 180 మైక్రాన్లు. ఇంకో సంగతి, అవిసెల్ పీహెచ్ అనే పేరులో ఉన్న పీహెచ్ ఆమ్లం క్షారం కొలిచే పీహెచ్ కాదు. వైవాలో అదే పీహెచ్ అని జవాబు చెప్పిన ఒక మహానుభావుడు నాకు తెలుసు, అది నేనే.

ప్రశ్న: సెల్యులోజ్ బైండర్ అంటారు, అంటే అతికించేది. క్రాస్‌కార్మెలోజ్ డిసింటిగ్రెంట్ అంటారు, అంటే విడగొట్టేది. అదీ సెల్యులోజే. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎలా?

ఈ ప్రశ్న కోసమే ఈ శీర్షిక రాస్తున్నాను అనుకోండి.

సెల్యులోజ్ గొలుసులో ప్రతి పూసకీ మూడు చేతులు ఖాళీగా ఉంటాయి, హైడ్రాక్సిల్ గ్రూపులు. ఆ చేతులకి ఏం తగిలిస్తే దాని గుణం అలా మారిపోతుంది. ఏమీ తగిలించకపోతే గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, నీళ్ళల్లో కరగదు. ఇథైల్ తగిలిస్తే నీళ్ళకి ఇంకా దూరం, ఇథైల్ సెల్యులోజ్, నీళ్ళు తొందరగా దూరని పూత వేయడానికి వాడతారు. కార్బాక్సీమిథైల్ తగిలిస్తే నీళ్ళంటే ప్రాణం పెడుతుంది, సోడియం సీఎంసీ, నీళ్ళల్లో వేస్తే కరిగి జిగురు. దాంతో పొడి అతికించుకోవచ్చు, బైండర్ అయింది.

ఇప్పుడు ఆ సీఎంసీ గొలుసుల్నే ఒకదానికొకటి అక్కడక్కడ కుట్టేశారనుకోండి, వలలాగా. నీళ్ళంటే ఇష్టం అలాగే ఉంది, కానీ కుట్లు పడ్డాయి కాబట్టి కరిగి విడిపోలేదు, ఏం చేస్తుంది, నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. అదే క్రాస్‌కార్మెలోజ్ సోడియం. పది సెకన్లు కూడా పట్టకుండా తన సైజుకి నాలుగు నుంచి ఎనిమిది రెట్లు అవుతుంది. దాని పోగులు మాత్ర లోపలిదాకా వత్తిలాగా నీళ్ళని లాక్కెళ్తాయి, లాక్కెళ్ళిన చోటల్లా ఉబ్బుతాయి, మాత్ర లోపల్నుంచి విచ్చుకుపోతుంది. రెండు మూడు శాతం చాలు, ఐదు దాటి వేసే పని దాదాపు ఉండదు. తడి గ్రాన్యులేషన్ అయితే సగం ముద్దలో, సగం ఆరాక బయట కలుపుతారు, బయటిది మాత్రని గుండ్లుగా విడగొడుతుంది, లోపలిది ఆ గుండ్లని పొడి చేస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, ఫార్ములేషన్ వాళ్ళు చాలామంది దెబ్బతిన్నాకే నేర్చుకుంటారు. ఆ కుట్లు ఎస్టర్ కుట్లు. మాత్రలో క్షార గుణం బాగా ఉన్న పదార్థం ఉండి, తేమ కూడా తోడైతే నెలలు గడిచే కొద్దీ ఆ కుట్లు ఊడిపోతాయి. ఊడిపోతే ఏమవుతుంది, మళ్ళీ మామూలు సీఎంసీ, అంటే జిగురు! విడగొట్టాల్సినవాడు అతికించడం మొదలెడతాడు. తయారైన రోజు చక్కగా విడిపోయిన మాత్ర, మాత్రలు నిల్వకి ఆగుతాయో లేదో చూసే స్టెబిలిటీ ఛాంబర్‌లోంచి ఆరు నెలలకి తీస్తే మొండికేస్తుంది. అలాంటప్పుడు క్రాస్‌పోవిడోన్ లాంటి వేరే జాతి డిసింటిగ్రెంట్‌కి మారడమే మేలు, శాతం పెంచుకుంటూ పోయి లాభం లేదు, నేను పెంచి చూశాను.

ప్రశ్న: అమ్మకి పెద్ద మాత్రలు మింగడం కష్టం. పొడి చేసి నీళ్ళల్లో కలిపి ఇస్తున్నా. ఇందులో తప్పేమన్నా ఉందా?

మాత్రని బట్టి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ లాంటి అక్షరాలుంటే పొడి చేయొద్దు, నమలొద్దు. మొదటి ప్రశ్నలో చెప్పిన జిగురు పొర మాత్ర మాత్రగా ఉన్నప్పుడే పనిచేస్తుంది, మీరు దంచారంటే రోజంతా రావాల్సిన మందు కొద్దిసేపట్లోనే వచ్చి పడుతుంది, బీపీ మందులు, నొప్పి మందుల్లో ఇది ప్రాణం మీదికి తేవచ్చు. ఆమ్లానికి తట్టుకునే పూత ఉన్నవి, ఎంటరిక్ కోటెడ్ అంటారు, అవీ దంచకూడదు. ఆ పూతల్లో కొన్ని సెల్యులోజ్‌వే, సెల్యులోజ్ ఎసిటేట్ థాలేట్ అనేది కడుపులోని ఆమ్లంలో కరగదు, పేగులోకి వెళ్ళి పీహెచ్ 6 దాటాక కరుగుతుంది, హెచ్‌పీఎంసీ థాలేట్‌లో 5 దగ్గర కరిగేదీ 5.5 దగ్గర కరిగేదీ ఉన్నాయి. దంచితే పూత ముక్కలై మందు కడుపులోనే బయటపడుతుంది.

మధ్యలో గీత ఉన్న ఎస్‌ఆర్ మాత్రలు కొన్ని ఉంటాయి, వాటిలో కొన్నింటిని సగానికి విరిచి మింగొచ్చని కాగితం మీదే రాస్తారు, విరవడం వేరు దంచడం వేరు. మామూలు మాత్రలు చాలావరకు పర్లేదు, అయినా ఫార్మసిస్టుని అడగండి, చాలా మందులు సిరప్‌గానో నీళ్ళల్లో వేస్తే మూడు నిమిషాల్లో విడిపోయే డిస్పర్సిబుల్ మాత్రగానో దొరుకుతాయి. నేనైతే ముందు అదే అడుగుతాను.

ఇంకోటి, ఇది అమ్మగారికి కాదు, అందరికీ. మాత్రని దంచి నీళ్ళల్లో కలిపి సూదితో నరంలోకి ఎక్కించుకునేవాళ్ళు ఉన్నారు మత్తు కోసం. నోట్లోకి ఏ హానీ చేయని ఎంసీసీ రక్తంలోకి వెళ్తే కరగదు, పోయి ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఇరుక్కుని గడ్డలు కట్టిస్తుంది. ఆ గడ్డల్లో సెల్యులోజ్ ముక్కలు మైక్రోస్కోపు కింద మెరుస్తూ కనిపిస్తాయి.

ప్రశ్న: ఆస్పిరిన్ సీసా మూత తీస్తే పుల్లటి వెనిగర్ వాసన. సెల్యులోజ్ కుళ్ళిందా?

సెల్యులోజ్ కాదు, ఆస్పిరినే విరుగుతోంది. తేమ తగిలితే ఆస్పిరిన్ రెండుగా చీలుతుంది, సాలిసిలిక్ ఆమ్లం ఒకటి, ఎసిటిక్ ఆమ్లం ఒకటి, ఆ రెండోదే వెనిగర్ వాసన. ఆ మాత్రలు పారేయండి. సెల్యులోజ్ పాత్ర లేకపోలేదు, మామూలు ఎంసీసీలో ఉండే ఆ నాలుగైదు శాతం నీళ్ళు ఇలాంటి మందుకి మంచివి కావు, అందుకే 1.5 శాతం లోపు తేమతో 112 అని ఒక గ్రేడ్ ఉంది. ఇంత జాగ్రత్తగా చేసిన మాత్రని తీసుకెళ్ళి స్నానాల గది అరలో పెడితే తయారుచేసినవాడు ఏం చేస్తాడు చెప్పండి.

ప్రశ్న: మాత్రలకి పూత వేసే కోటింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరాను. హెచ్‌పీఎంసీ నీళ్ళల్లో వేస్తే చేప కళ్ళలాంటి ఉండలు, గంటసేపు కలిపినా పోవట్లేదు. నీళ్ళు వేడి చేయమని ఒకరు, చల్లటివి వాడమని ఒకరు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినండి, వరసగా. ఈ హెచ్‌పీఎంసీది తిరకాసు బుద్ధి, చల్లటి నీళ్ళల్లో కరుగుతుంది, వేడి నీళ్ళల్లో కరగదు. చల్లటి నీళ్ళల్లో దబ్బున పోస్తే ఉండ పైభాగం క్షణంలో జిగురైపోయి లోపలి పొడికి నీళ్ళు అందకుండా తలుపేసేస్తుంది, అదే మీ చేప కన్ను. అందుకని మొత్తం నీళ్ళల్లో నాలుగో వంతో మూడో వంతో 80, 90 డిగ్రీలకి వేడి చేసి, గట్టిగా కలుపుతూ పొడి చల్లండి, కరగదు కాబట్టి విడివిడిగా తడుస్తుంది, అప్పుడు మిగతా చల్లటి నీళ్ళు పోస్తూ చల్లారనివ్వండి, అంతా ఒక్కసారిగా కరిగి తేటగా వస్తుంది. నురగ వస్తే కొన్ని గంటలు వదిలేయండి, గాలి తనే పోతుంది.

డబ్బా మీద నంబరు కూడా ఓసారి చూడండి. 2910 అని ఉంటే గొలుసు చేతులకి తగిలించిన గ్రూపుల్లో మెథాక్సీ సుమారు 29 శాతం, హైడ్రాక్సీప్రొపాక్సీ సుమారు 10 శాతం అని, 2208 అంటే 22, 8. పూతకి మామూలుగా 2910లో చిక్కదనం తక్కువ ఉన్నవి, ఇ5, ఇ15 లాంటివి వాడతారు. ఎవరైనా పొరపాటున మాత్ర లోపల వేసే కే100ఎం తెచ్చి ఇచ్చి ఉంటే మీరు ఎన్ని గంటలు కలిపినా స్ప్రే గన్‌లోంచి చుక్క రాదు.

ప్రశ్న: ఒకే మందు, రెండు కంపెనీలు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో ఎంసీసీ, క్రాస్‌కార్మెలోజ్, ఇంకోదాంట్లో లాక్టోజ్, స్టార్చ్. రెండూ ఒకేలా పనిచేస్తాయంటే ఎలా నమ్మడం?

ఎక్సిపియెంట్లు ఒకేలా ఉండాలని రూల్ లేదు, మందు రక్తంలోకి చేరే వేగం, మొత్తం ఒకేలా ఉండాలి, అది బయోఈక్వివలెన్స్ పరీక్షలో చూస్తారు. వంటవాళ్ళు వేరైనా తూకం ఒకటే అన్నట్టు.

కానీ తేడా లేనే లేదు అంటే అబద్ధం అవుతుంది. పాలు పడనివాళ్ళకి లాక్టోజ్, అంటే పాల చక్కెర, ఇబ్బంది పెట్టొచ్చు, మాత్రలో ఉండేది కొంచెమే అయినా కొందరికి తేడా తెలుస్తుంది, అలాంటప్పుడు సెల్యులోజ్ ఉన్న కంపెనీది అడగండి. కొన్ని మందుల్లో అయితే సెల్యులోజ్ పక్కవాయిద్యం కాదు, అసలు పాటే అది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బుకి ఇచ్చే ఇవాకాఫ్టర్ నీళ్ళల్లో దాదాపు కరగదు, దాన్ని హైప్రొమెలోజ్ ఎసిటేట్ సక్సినేట్ అనే సెల్యులోజ్‌తో కలిపి స్ప్రేడ్రై చేసి, అంటే వేడిగాలిలోకి పిచికారీ చేసి ఆరబెట్టి, మందు అణువులు మళ్ళీ స్ఫటికాలుగా పేరుకోకుండా ఆపుతారు, ఆ సెల్యులోజ్ లేకుండా ఉత్తి స్ఫటికాలు మింగితే అందులో ఎక్కువ భాగం వృథా. కాగితం మీద మాత్రం దాన్నీ ఇన్‌యాక్టివ్ ఇంగ్రీడియంట్ అనే రాస్తారు.

థైరాయిడ్, మూర్ఛ మందుల్లాంటివి, కొంచెం తేడా వచ్చినా ఒంటికి తెలిసిపోయేవి, వాటికి మాత్రం నెలకో కంపెనీ మార్చకండి. మార్చాల్సి వస్తే డాక్టర్‌కి చెప్పి మార్చండి, ఆయన రక్త పరీక్ష ఎప్పుడు చేయించాలో చెబుతారు.